పాత వాద్యాలు - బేరపు మర్యాదలు

సంచికకు "నలుగురికీ పనికొచ్చేది" ఏదైనా వ్రాసి ఇమ్మని మన యూనియన్ మిత్రులు అడిగారు. కవిత్వం నాకు రాదు. రాజకీయం వ్రాస్తే వారు వేయరు. కనుక గత ఐదారేళ్లలో కొంత డబ్బూ, కొంత పరువూ పోగొట్టుకొని నేర్చుకొన్న ఒక విద్యను గూర్చి వ్రాస్తున్నాను. ఆన్‌లైన్ ప్రకటనలు చూసి పాత సంగీత వాద్యాలు కొనటం, అందులో బేరమాడే పద్ధతి - ఇదీ విషయం. మన హాస్టళ్లలో గిటారు లేని వరండా లేదు. చదువు మొదలుపెట్టినప్పుడు ఒకరు కొంటారు, చదువైపోయి పెట్టె సర్దుకొనేటప్పుడు ఇంకొకరు అమ్ముతారు. కాబట్టి ఈ విద్య అక్కరలేని వారు మనలో తక్కువే అని నా నమ్మకం.

బేరమాడటం మనకెవరూ నేర్పనక్కరలేదు, వంకాయల దగ్గరే నేర్చుకొన్నాం అని మీరనవచ్చు. నేనూ అలాగే అనుకొని దిగాను. కాని వంకాయలకు ఆ పూట బజారు ధర ఒకటుంటుంది. పక్క గంపలో ఏమి పలుకుతున్నదో అమ్మేవారికీ తెలుసు, కొనేవారికీ తెలుసు. బేరమంతా కిలోకు ఐదు రూపాయల అటూ ఇటూ. పాతికేళ్ల వీణకు పక్క గంప ఎక్కడుంది? దాని గుణం సగం లోపల దాగి ఉంటుంది. పైగా అమ్మేవారు వర్తకులు కారు. ఎవరో పెద్దావిడ, పెళ్లై వెళ్లిపోయిన కూతురి వాద్యం అమ్ముతుంది. ఎవరో మేష్టారు, వేళ్లు వంగక తన ఫిడేలు తానే అమ్ముకొంటాడు. అలాంటి చోట "ఆఖరుకి ఎంతకిస్తావు?" అనే గంప బేరం తీసుకువెళ్తే పని చెడుతుంది.

మా తాతగారు పశువుల సంతకు వెళ్లి వచ్చి చెప్పిన ముచ్చట ఒకటి జ్ఞాపకం వస్తున్నది. అక్కడ కొనేవాడూ, దళారీ చేతుల మీద తువ్వాలు కప్పుకొని, లోపల వేళ్లు పట్టుకొని ధర చెప్పుకొనేవారట. చుట్టూ వందమంది ఉన్నా ఎవడు ఎంత తగ్గాడో ఎవరికీ తెలియదు. తగ్గినవాడి మొహం చిన్నబోదు, బేరం తప్పిపోయినా మర్నాడు ఇంకొకడి దగ్గర అదే ఎద్దు మళ్లీ మొదటి ధరకే నిలబడగలదు. ఇవాళ ఓ.ఎల్.ఎక్స్.లోనో, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లోనో మనం చాట్ పెట్టె తెరిచి మాట్లాడటం కూడా ఆ తువ్వాలు కిందనే. ఆ మాటల ఫోటో తీసి "చూడరా, వీడెంత అడుగుతున్నాడో" అని హాస్టల్ గ్రూపులో వేయటమంటే తువ్వాలు లాగేయటమే. మొదటి మర్యాద ఇదే అనుకోండి.

ఇక మొదటి సందేశం. చాలామంది రెండే ముక్కలు వ్రాస్తారు: "లాస్ట్ ఎంత?" ఇందులో నమస్కారం లేకపోవటం అటుంచండి. వస్తువును చూడకుండానే, గుణం తెలుసుకోకుండానే, ఎదుటివాడిని తన చివరి మెట్టు దిగి రమ్మనటం అది. అతడు నిజంగా చివరి మాట చెప్పాడే అనుకోండి, రేపు మీరు వెళ్లి చూశాక మళ్లీ తగ్గించమనక మానరు. ఆ సంగతి అతనికీ తెలుసు, కనుక చివరి మాట చెప్పడు. ఒక అబద్ధపు ప్రశ్నకు ఒక అబద్ధపు జవాబు. దానికన్నా "నమస్కారమండీ, మీ వయొలిన్ ప్రకటన చూశాను. ఇంకా ఉందా? ఎన్నాళ్లుగా వాయించకుండా ఉంది? ఎక్కడైనా పగులు ఉందా? ఆదివారం వచ్చి చూడవచ్చునా?" అని వ్రాసి చూడండి. ఈ నాలుగు ప్రశ్నల్లో ధర మాట లేదు. ఐనా వచ్చే జవాబులతోనే సగం బేరం తేలిపోతుంది.

కొలతలు అడగటం కూడా మరువకండి. ఇది నా స్వానుభవం. "బొబ్బిలి వీణ, కొత్తదానిలా ఉంది, 3,500" అన్న ప్రకటన చూసి, అమ్మేవాడికి వీణ విలువ తెలియదు కాబోలునని సంబరపడి, రెండు బస్సులు మారి గాజువాక దాటి వెళ్లాను. ఆయన అద్దాల బీరువాలోంచి జానెడు వీణ తీసి నా చేతిలో పెట్టాడు. సన్మానాల్లో బహూకరించే బొమ్మ వీణ! అలాంటివీ బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో చేస్తారు, చాలా ముచ్చటగా ఉంటాయి. పాపం, ఆయన ప్రకటనలో అబద్ధం ఏమీ లేదు. ఫోటోలో పక్కన కొలతకు అగ్గిపెట్టెయినా లేదు, అంతే. ఎదుటివాడి తెలియనితనం మీద లాభం తీద్దామని వెళ్లినవాడికి ఆ మాత్రం శాస్తి జరగవలసిందే.

బేరానికి బలం గొంతులో ఉండదు, వాద్యాన్ని గూర్చిన జ్ఞానంలో ఉంటుంది. ఏ లోపం బాగుపడుతుందో, ఏది బాగుపడదో, బాగుచేయటానికి ఎంత అవుతుందో తెలిసినవాడు మర్యాదగానే తగ్గించగలడు. తెలియనివాడే కసురుకొంటాడు. కాబట్టి మనకు సాధారణంగా తగిలే వాద్యాలను గూర్చి తెలిసినంత చెబుతాను.

వీణ సంగతి ముందు. మన వీణ పనస కర్రతో చేసేది. కుండ, దండి, యాళి ముఖం అన్నీ ఒకే మానులో తొలిస్తే దాన్ని ఏకాండి వీణ అంటారు, దానికి గిరాకీ ఎక్కువ. విడివిడిగా చేసి అతికినవీ ఉంటాయి. అతుకు వీణ ఐనంత మాత్రాన చెడ్డది కాదు, కాని ఏకాండి ధర అడగకూడదు. దండి మీద 24 మెట్లు ఉంటాయి. అవి మేకులతో బిగించినవి కావు, మైనంలో బొగ్గుపొడి వంటివి కలిపి కట్టిన గట్ల మీద కూర్చోబెట్టినవి. దీన్నే మేళం కట్టడం అంటారు. ఎండ తగిలితే మైనం మెత్తబడి మెట్లు కదులుతాయి, శ్రుతి తప్పుతుంది. ఏళ్ల తరబడి వాయించగా తంతులు మెట్ల మీద గాట్లు పెడతాయి, అక్కడ నాదం జీరపోతుంది. ఐతే ఈ రెండూ ప్రాణం మీదికి వచ్చే రోగాలు కావు. మేళం మళ్లీ కట్టించుకోవచ్చు. ఆ ఖర్చు ముందుగా పనివారిని కనుక్కొని, అంతమేరకు తగ్గించమని అడగటం న్యాయం. భయపడవలసింది దండి వంగటం, కుండ పగలటం. యాళి వైపు నుంచి ఒక కన్ను మూసి దండి పొడుగునా చూడండి. కుండను వేలి గణుపుతో తట్టి వినండి, పగులుంటే పలుకు వేరుగా వస్తుంది. రెండోపక్క ఉండే సొరకాయ బుర్ర చితికినా బెంగ లేదు, అది మార్చుకోవచ్చు.

కొన్ని ప్రకటనల్లో "అసలు దంతపు నగిషీ" అని వ్రాసి పదివేలు ఎక్కువ చెబుతారు. అక్కడ బేరమే వద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, ఆ తర్వాతి సవరణల ప్రకారం ఏనుగు దంతం అమ్మటం, కొనటం నేరం. ప్లాస్టిక్కైతే పదివేలు దండగ, దంతమైతే కేసు.

వయొలిన్లో ముందు చూడవలసింది పగుళ్లు. పై పలక మీదా, వెనక పలక మీదా వెలుతురు ఏటవాలుగా పడేటట్లు పట్టుకొని చూడాలి. లోపల గుర్రానికి కాస్త కిందుగా, రెండు పలకల నడుమ జిగురు లేకుండా నిలబెట్టిన చిన్న పుల్ల ఒకటుంటుంది. ఫ్రెంచి వారు దాన్ని "ఆత్మ" అనే అంటారు. అది పడిపోతే పిడికెడు శబ్దం కూడా రాదు. ఏమీ తెలియనివాడు "ఇది చచ్చిన ఫిడేలండీ" అని సగం ధర అడుగుతాడు. తెలిసినవాడు, అది చేయితిరిగిన పనివాడికి కాసేపటి పని అని ఎరుగును. ఆ సంగతి అమ్మేవారికి చెప్పి కొనాలా, చెప్పకుండా కొనాలా? దీనికి తర్వాత వస్తాను. ఆ పుల్ల నిలిచిన చోట వెనక పలక పగిలితే మాత్రం అది పెద్ద జబ్బు, దూరంగా ఉండండి. ఇక లోపలి చీటీ. "ఆంటోనియస్ స్ట్రాడివేరియస్, క్రెమొనా, 17.." అని చీటీ కనిపించగానే అమ్మేవారి గుండె ఝల్లుమంటుంది. ఆ మహానుభావుడు 1737లో పోయాడు. ఆయన చేసినవి లోకం మొత్తం మీద 650 దాకా మిగిలాయని అంచనా. అదే చీటీ యూరపు కర్మాగారాలు వేల వాద్యాల్లో అతికించాయి, అది నమూనా పేరు మాత్రమే. ఐతే ఈ మాట చెప్పేటప్పుడు నవ్వకూడదు. ఆ ఇంట్లో తాతగారి కాలం నుంచీ అది నిజమైన స్ట్రాడివేరియస్ అయి ఉంటుంది. "చీటీని బట్టి ధర కట్టలేమండీ, నాదాన్ని బట్టి కడదాం" అంటే చాలు.

హార్మనీకి బెలోసు పరీక్ష. గాలి నింపి, ఏ మెట్టూ నొక్కకుండా వదిలిపెట్టండి. తిత్తి చప్పున మూసుకుపోతే గాలి కారుతున్నట్లు. తర్వాత ప్రతి మెట్టూ ఒక్కొక్కటిగా నొక్కి, మూగపోయినవి ఎన్నో లెక్కపెట్టండి. మన పద్యనాటకాల వాళ్లు వాడిన పాత పెట్టెలు చూడటానికి నల్లబడి ఉన్నా లోపలి రీడ్లు ఘనంగా ఉంటాయి. పైన పాలిషు చూసి ధర కట్టేవాడు ఇక్కడ మోసపోతాడు. మృదంగానికి, తబలాకు మూతలు అరిగేవే, మార్చేవే. విలువంతా కట్టెలో ఉంటుంది. పురుగు, బీట చూసుకోండి. గిటార్లను గూర్చి ఎక్కువ చెప్పను. కర్మాగారంలో తయారైన పేరున్న మోడలైతే కొత్తదాని ధర ఫోనులోనే తెలుస్తుంది, మెడ వంగకుండా ఉంటే బేరం ఐదు నిమిషాల్లో తేలుతుంది.

ఇప్పుడు లోపం చెప్పాలా వద్దా అన్న ప్రశ్న. దీన్ని గూర్చి మన లా విద్యార్థి మిత్రుడొకరు నాకు చట్టం చదివి వినిపించాడు. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 16వ సెక్షను ప్రకారం, వర్తకుడు కాని మామూలు మనిషి తన వస్తువు అమ్మినప్పుడు, ఇది మంచిదే అన్న హామీ దానంతటదే ఉన్నట్లు కాదు. కొనేవాడే చూసుకోవాలి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 17వ సెక్షనులో ఒక గుర్రం కథ ఉంది. గుర్రానికి జబ్బున్నట్లు అమ్మేవాడికి తెలుసు, వేలంలో ఏమీ అనకుండా అమ్మాడు. ఇది మోసం కాదు. కాని కొనేవాడు "నువ్వు కాదనకపోతే గుర్రం బాగున్నదనే అనుకొంటాను" అన్నాడనుకోండి. అప్పుడు అమ్మేవాడు నోరు మెదపకపోతే, ఆ మౌనం మాటతో సమానం. నూటయాభై ఏళ్లు దాటిన ఈ ఉదాహరణ వీణ కొనేవాడికి ఎంత అక్కరకు వస్తుందో చూడండి! "పగుళ్లేమీ లేవనే అనుకొని వస్తున్నానండీ, ఉంటే ముందే చెప్పండి" అని చాట్‌లో ఒక్క వాక్యం వ్రాయండి. అది మర్యాదకు మర్యాద, రుజువుకు రుజువు. అలాగని కళ్లు మూసుకు కొనమని కాదు. మామూలు జాగ్రత్తతో కనిపెట్టగలిగిన లోపాన్ని చూసుకోకపోతే, ఎదుటివాడి మౌనం చేత మోసపోయానని తర్వాత గొడవపడినా చట్టం వినదు.

చట్టం అమ్మేవాడి మౌనాన్ని గూర్చి చెప్పింది. కొనేవాడి మౌనం? ఆ ఫిడేలు ఆత్మ సంగతి నా చెల్లెలికి కొన్నప్పుడే ఎదురైంది. మూడు వంతుల సైజు వయొలిన్, సీతమ్మధారలో ఒక ఇంట్లో. పాప మానేశాక అటక మీద ఉంది. అడిగింది 9,000. మీటితే మొద్దు శబ్దం. పుల్ల లోపల పడి దొర్లుతున్నది. ఆ ఇల్లాలే "ఏదో విరిగిపోయినట్లుందండీ, మీ ఇష్టం, ఎంతో కొంత ఇవ్వండి" అన్నారు. నోరు మూసుకొంటే మూడు వేలకు వచ్చేది. నాలో ధర్మరాజు ఏమీ లేడు, పక్కన చెల్లెలు ఉండి "అన్నయ్యా, అది సౌండ్ పోస్టు పడింది కదా, మా మేష్టారు నిలబెడతారు" అని ఆవిడ ఎదుటే అనేసింది. ఇక చేసేదేముంది! కాగితం తీసి లెక్క వేశాను: కొత్త తంతులు, గుర్రం, కమానుకు వెంట్రుకలు మార్చటం, పుల్ల నిలబెట్టటం అన్నీ కలిపి 2,200 అవుతుందని ముందే ఒక రిపేరరు చెప్పి ఉన్నాడు. ఆ లెక్క చూపించి 6,500 అన్నాను. 7,000కు తేలింది. ఆవిడ పెట్టె, రోజన్ ముక్క, పాప స్టాండు కూడా ఇచ్చారు. ఆ లెక్క కాగితం చేసిన పని నా గొంతు ఏనాడూ చేయలేదు. అప్పటి నుంచీ నా పద్ధతి అదే: తగ్గించమనే ప్రతి వందకూ ఒక కారణం ఉండాలి, ఆ కారణం ఎదుటివారు చదివేటట్లు ఉండాలి.

సగానికి సగం అడిగి మధ్యలో కలుద్దామనే చాకచక్యం ఒకటుంది. 20 చెబితే 10 అని, 15 దగ్గర ఆగటం. ఇది తెలియనివారు లేరు కనుక అమ్మేవారూ 20ని 25 చేసి చెబుతారు. ఎవరికీ కలిసొచ్చేది లేదు. ఏ కారణమూ చెప్పలేని ధర అడగకూడదు. ఇంకొకటి, వాద్యాన్ని తిట్టి తగ్గించకూడదు. "ఇది కట్టెల పొయ్యిలోకి పనికొస్తుంది" అనేవాళ్లను నేను చూశాను. పనికిరానిదైతే నువ్వెందుకు వచ్చావు నాయనా అని అవతలివారు అడగకపోవటం వారి సంస్కారం.

నా అపరాధం ఇప్పుడు చెప్పుకోక తప్పదు. మూడేళ్ల క్రితం విజయనగరంలో ఒక వీణ ఉందని ప్రకటన చూశాను. పెట్టినవాడు బెంగుళూరులో ఉద్యోగం చేసే కుర్రాడు, వీణ వాళ్ల అమ్మమ్మగారిది. ఆవిడ సంగీతం చెప్పి రిటైరయ్యారు. ద్వారం వెంకటస్వామి నాయుడుగారు పనిచేసిన సంగీత కళాశాల ఉన్న ఊరు కదా, ఆ వీధుల్లో ఇప్పటికీ ఇంటికో వాద్యం ఉంటుందేమో అనిపిస్తుంది. ప్రకటనలోనే స్పష్టంగా వ్రాశాడు: "మెట్లు అరిగాయి, మేళం కట్టించుకోవాలి, ఒక బిరడ మార్చినది." 22,000 అడిగాడు. ఇద్దరం నాలుగు రోజులు చాట్‌లో మాట్లాడుకొని 18,000 దగ్గర ఆగాం. "అమ్మమ్మకు చెప్పేస్తాను, వెళ్లి తీసుకోండి అన్నా" అన్నాడు.

ఆదివారం నేనూ, ఒక మిత్రుడూ వెళ్లాం. ఆవిడ కాఫీ ఇచ్చారు. వీణ చాప మీద పరిచి, గవిసెన విప్పి, పక్కన కూర్చొన్నారు. నేను చెప్పుకొన్నట్లే చూశాను, దండి తిన్నగా ఉంది, కుండ కంచులా పలికింది. మెట్ల మీద గాట్లు కనిపించాయి. బయట మిత్రుడు నా చెవిలో "ముసలావిడ ఒక్కతే ఉంది, మెట్ల వంక పెట్టి పదిహేనుకు అడుగు" అన్నాడు. మిత్రుడి మీద నెట్టటం లేదు, అడిగిన నోరు నాదే. "మెట్లు బాగా అరిగిపోయాయండీ, మేళానికే చాలా అవుతుంది, 15,000 ఐతే తీసుకెళ్తాం" అన్నాను. ఆవిడ ఒక నిమిషం వీణ కేసి చూసి, "మనవడితో పద్దెనిమిదన్నావుట కదా బాబూ" అన్నారు. నేను మెట్లను చూపించాను. "సరే, అంత దూరం నుంచి వచ్చారు" అని ఊరుకొన్నారు. పదిహేను వేలు పంపించి, వీణ ఎత్తుకొని వచ్చేశాం. బస్సులో మిత్రుడు నన్ను మెచ్చుకొన్నాడు.

హాస్టల్లో గవిసెన విప్పితే లోపల మడిచిన కాగితం ఒకటి ఉంది. "కొనేవారికి" అని పైన వ్రాసి ఉంది. ఎప్పుడు మేళం కట్టించారో, ఏ మెట్టు వదులో, మంద్రం తంతి ఏ గేజిది వేస్తే బాగుంటుందో, ఎండలో పెట్టకూడదనీ, కారు డిక్కీలో అసలే పెట్టకూడదనీ, గుండ్రటి అక్షరాల్లో పది వాక్యాలు. నేను రాకముందే వ్రాసి పెట్టినది. ఆవిడ ఒక్క లోపం దాచలేదు. లోపాలన్నీ లెక్కలో వేసుకొనే మేం పద్దెనిమిది అనుకొన్నాం. ఆ చెప్పిన లోపాన్నే నేను రెండోసారి అమ్ముకొని మూడు వేలు సంపాదించాను. దాచిపెట్టి ఉంటే నాకు ఆ వంక దొరికేది కాదు. అంటే ఆవిడ నిజం చెప్పినందుకు నేను వేసిన జరిమానా అది.

రెండు రోజులు ఊరుకొని, మనవడికి సంగతి వ్రాసి, మూడు వేలూ పంపించాను. గంటలో డబ్బు తిరిగి వచ్చింది. ఫోను చేశాడు. "అమ్మమ్మ వద్దంటోందన్నా. అయిపోయిన బేరాన్ని తిరగదోడకూడదుట, కిందికైనా, పైకైనా. ఆ డబ్బుతో మేళం మంచివాళ్ల చేత కట్టించుకోమంది." నేను క్షమాపణ చెప్పమన్నాను. "చెబుతానులే, కాని ఆవిడకు కోపం మీ మీద కాదు, నా మీద. ధర ఆఖరు చేసి పంపించానని నేను చెప్పాను కదా, నీ మాటకు విలువ లేదేమిట్రా అంటోంది" అన్నాడు. నేను తగ్గించినది వీణ ధర ఒక్కటే కాదని అప్పుడు అర్థమైంది.

కనుక ఒక కట్టుబాటు చేసుకొన్నాను. చాట్‌లో అనుకొన్న ధర, ప్రకటనలో చెప్పని కొత్త లోపం కంటపడితేనే కదలాలి. అలాంటిది కనిపిస్తే గుమ్మంలో నిలబడి కాక, కూర్చొని, వారికి చూపించి చెప్పాలి. నచ్చకపోతే "నాకు కుదరదండీ, క్షమించండి" అని లేచి రావటానికి సిగ్గుపడనక్కరలేదు. ఆలోచించి చెబుతానని వచ్చి, మళ్లీ జవాబివ్వకుండా వారం రోజులు వేలాడదీయటమే తప్పు. ఆ వారంలో వారు ఇంకొకరిని వెళ్లగొట్టి ఉంటారు.

ఇంతవరకూ మర్యాదస్థులను గూర్చి. దొంగలను గూర్చి కొంచెం. పోయిన సంవత్సరం మా గదిమిత్రుడు గిటారు 8,500కు అమ్మకానికి పెట్టాడు. పావుగంటలో ఒకాయన "మిలటరీలో ఉన్నాను, బదిలీ అయింది, మా అబ్బాయికి కావాలి, మీరు చెప్పిన ధరే ఇస్తాను, మనిషిని పంపిస్తాను, ముందు డబ్బు పంపుతా" అన్నాడు. ఒక క్యూఆర్ కోడ్ పంపి, స్కాన్ చేసి పిన్ కొడితే డబ్బు పడుతుందన్నాడు. వీడు కొట్టాడు. పడలేదు, పోయింది. డబ్బు పుచ్చుకోవటానికి పిన్ ఎప్పుడూ అక్కరలేదు, ఇచ్చేటప్పుడే కావాలి. ఈ ఒక్క ముక్క తెలిసి ఉంటే రెండు నెలల మెస్సు బిల్లు మిగిలేది. సైబర్ మోసాలకు వెంటనే ఫోను చేయవలసిన నంబరు 1930. వస్తు విక్రయ చట్టం సంవత్సరమూ అదే కావటం యాదృచ్ఛికం, జ్ఞాపకం పెట్టుకోవటానికి మాత్రం పనికొస్తుంది. వాడు మర్నాడు చేశాడు, అప్పటికి ఆలస్యమైంది.

ఆ సంగతి విన్నప్పుడు నాకు తట్టిన విషయం ఇది. ఆ మిలటరీ పెద్దమనిషి ఒక్క రూపాయి బేరమాడలేదు. తంతులు ఎలా ఉన్నాయని అడగలేదు. వాద్యం కావలసినవాడు వాద్యాన్ని గూర్చి అడగకుండా ఉండలేడు, జేబులోంచి డబ్బు తీసేవాడు పది రూపాయలైనా తగ్గించమనకుండా ఉండలేడు. అట్లే కొనేటప్పుడు, అడగకుండానే సగానికి దిగి, "రవాణాకు అడ్వాన్సు పంపండి" అనేవాడూ అమ్మేవాడు కాడు. బేరం మనిషి నిజమైనవాడనటానికి ఒక గుర్తు.

చివరగా కాగితం సంగతి. డబ్బిచ్చేటప్పుడు రెండు వాక్యాల రసీదు వ్రాయించుకోండి: ఏ వాద్యం, ఎంతకు, ఏ తేదీన, చెప్పిన లోపాలేమిటి, ఇద్దరి సంతకాలు. పాత వాద్యాల్లో దొంగసొత్తు కూడా తిరుగుతుంది కనుక ఇది కొనేవాడికి రక్ష. చాట్‌లో వ్రాసినా సరే, కాని అమ్మకం అయ్యాక ఆ చాట్ చెరిపేయకండి.

మా చెల్లెలికి ఇప్పుడు పూర్తి సైజు వయొలిన్ కావలసి వచ్చింది. ఆ మూడు వంతులది ఈ నెలలో అమ్మకానికి పెడుతున్నాం. ప్రకటన అదే వ్రాసింది, నేను ఒక్క అక్షరం మార్చలేదు: "మూడు వంతుల సైజు వయొలిన్. పది, పన్నెండేళ్ల పిల్లలకు. మేం రెండో వాళ్లం. తంతులు నిరుడు మార్చాం. రెండో బిరడ వానాకాలంలో బిగుస్తుంది, ఎండాకాలంలో జారుతుంది. గడ్డం ఆనే చోట రంగు పోయింది. లోపల స్ట్రాడివేరియస్ అని చీటీ ఉంది, నమ్మకండి. 6,000. బేరం ఉంది, కొద్దిగా. వచ్చి వాయించి చూడవచ్చు, సాయంత్రం ఐదు తర్వాత."